షామియానా కింద ఎండ ఉండదు

"చెల్లె, తాడు ఇడువ్. చెప్తున్న, ఇడువ్."

"ఇడువ."

"చేతులు కోస్కపోతయ్."

"కోస్కపోనీ."

తాడుకు అటు చివర టెంట్ హౌస్ అన్న, ఇటు చివర నేను. మా ఇద్దరి నెత్తుల మీద ఎర్రంచు పసుపు షామియానా గాలికి పొట్ట ఉబ్బించుకుని, లేవాలో పడాలో తేల్చుకోలేక ఊగుతోంది. మిగతా మూలలన్నీ అప్పటికే కట్టేశారు. ఈ ఒక్క మూల తాడు నా చేతికి దొరికింది. దాన్ని మణికట్టుకు చుట్టుకుని, ఇసుక నింపిన నీలం డ్రమ్ముకు వీపు ఆనించి, మడమలు తన్నిపెట్టి నిలబడ్డాను. అన్న లాగితే నేను జరుగుతున్నాను, నేను లాగితే షామియానా జరుగుతోంది. ట్రాలీ ఆటోలోంచి కుర్చీలు దింపుతున్న అతని మనుషులు పని ఆపేసి, దింపిన కుర్చీల్లోనే కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు.

"పెండ్లిళ్ళకు ఏసిన. సావులకు ఏసిన. ఓట్ల మీటింగులకు ఏసిన," అన్నాడు అన్న, నాతో కాదు, ఆకాశంతో చెప్పుకుంటున్నట్టు. "షామియానా ఒద్దని తాడు గుంజుకున్నదాన్ని ఇయ్యాల్నే సూస్తున్న."

"పెండ్లికొడుక్కు నీడ గావాలె అన్నా. గీ నీళ్ళకు ఎండ గావాలె. గంతే తేడా."

"నీళ్ళకు ఎండెందుకే? అవేమన్న మిరపకాయలా?"

కుర్చీల్లో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వితే పట్టు సడలుతుందని పళ్ళు బిగబట్టుకున్నాను.

ఆ మాట నాకు కొత్త కాదు. మా ఊళ్ళో నా పేరే అది అయిపోయింది. నీళ్ళు ఎండబెట్టే పిల్ల. కిరాణా కొట్టుకు పోతే, "ఇయ్యాల ఎండినయా, ఇంక పచ్చిగనే ఉన్నయా?" అని అడుగుతారు. పరీక్షకిచ్చే నీళ్ళ సీసాల ఐసుపెట్టె పట్టుకుని పటాన్‌చెరు బస్సు ఎక్కితే, పక్కన కూర్చున్న అవ్వ, "ఏంది బిడ్డా, చేపలా?" అంటుంది. "కాదవ్వా, మా ఊరి నీళ్ళు" అంటే నా మొహంలోకి అదోలా చూసి జరిగి కూర్చుంటుంది. జరిగితే మంచిదే, నాకు జాగా ఎక్కువ దొరుకుతుంది.

మా ఊరు గుమ్మడిదల దగ్గర. ఊరికీ రోడ్డుకీ మధ్య మందుల కంపెనీలు. కంపెనీలకీ పొలాలకీ మధ్య నాలా. నాలాలో నీళ్ళు ఒకరోజు చాయ్ రంగు, ఒకరోజు కుడితి రంగు. వాసన మాత్రం మారదు. మాత్ర గొంతులోకి దిగకుండా నాలుక మీదే కరిగిపోతే వచ్చే చేదు ఉంటుంది చూడండి, ఆ చేదుకు వాసన ఉంటే అది. ఆ నాలా గట్టు మీద, ఒక కంపెనీ ఇచ్చిన జాగాలో సిమెంటు గచ్చు పోసి, ఇనుప స్టాండ్ల మీద వరసగా గాజు ట్రేలు పెట్టారు. లోతు లేని, వెడల్పాటి ట్రేలు, పైన గాజు మూతలు. ఒక్కోదాని అడుగున నిమ్మపండు రంగు పొడి పూసిన పలక. నాలా నీళ్ళు ముందు ఇసుక డ్రమ్ముల్లో వడకట్టుకుని, చిన్న మోటారుతో పైకెక్కి, ఆ పలకల మీద పల్చగా పారి, కింద తొట్టిలో పడి, మళ్ళీ పైకెక్కుతాయి. పొద్దున ఎండ తగిలినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా అదే తిరుగుడు. ఆ తిరుగుడులో, కంపెనీల నుంచి వచ్చి నీళ్ళలో కలిసిన మందును పలక మీది పొడి విరగ్గొడుతుంది.

ఎలా విరగ్గొడుతుందో మేడం నాకు ఓపికగా చెప్పింది. మేడం అంటే ఈ ట్రేలను తయారు చేసిన మనిషి. పరిశోధన చేస్తోంది, నాకంటే కొంచెమే పెద్దది. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని, కాబట్టి నాకు అందినంత చెబుతాను. ఆ పొడి మా నాన్న లాంటిది. పొద్దున చాయ్ పడితే గానీ మంచం దిగడు ఆయన. ఈ పొడికి చాయ్ బదులు ఎండ. ఎండ తగలనంతసేపూ అది ఉత్త రంగు. తగిలిందా, ఒళ్ళు విరుచుకుని లేచి, నీళ్ళలో ఉన్న మందును పట్టుకుని మందు కాకుండా పోయేదాకా తుంచుతుంది. తను మాత్రం అరగదు. రేపు ఎండ వస్తే మళ్ళీ అదే పని. మా దగ్గర నీళ్ళకు కరువు ఉంది, గాలికి కరువు ఉంది. ఎండకు కరువు లేదు. దేవుడు మాకు పుష్కలంగా ఇచ్చింది అదొక్కటే, దాన్ని కూడా వాడుకోకపోతే ఎలా?

ట్రేలు చూసుకునే ఈ పనిలో చేరిన మొదటి రోజు నేను మేడంను ఒకటే అడిగాను. "నీళ్ళల్ల మందుంటె మంచిదే గద మేడం. రోగాలు రావు గద?"

"రోజూ కొంచెం కొంచెం ఉంటే రోగం తెచ్చే పురుగులకు అలవాటైపోతుంది," అంది మేడం. "తర్వాత నిజంగా రోగం వచ్చి మాత్ర వేసుకున్నా, ఆ పురుగు వినదు."

నాకు టక్కున మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె లేచింది మొదలు తిట్టేది. చీపురు అడ్డంగా ఉంటే తిట్టు, నిలువుగా ఉంటే తిట్టు. చిన్నప్పుడు హడలిపోయేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆమె తిడుతుంటే ఆ తిట్ల కిందే కూర్చుని అన్నం తినేవాళ్ళం, మధ్యలో మారు కూడా అడిగేవాళ్ళం. పాపం ఒకసారి పొయ్యి దగ్గర కొంగు అంటుకుని నిజంగానే కేకలు పెడితే, ఎప్పటి పాటే కదా అని ఎవరమూ లేవలేదు. పక్కింటామె వచ్చి ఆర్పింది. నాలాలో పురుగులు కూడా అలాగే మందును వింటూ పెరుగుతున్నాయన్నమాట. ఆ రోజు నుంచి ఆ నిమ్మపండు రంగు పలకలంటే నాకు ఒకరకమైన ప్రాణం. మేకలు వస్తే తరిమాను. కాకి రెట్ట వేస్తే కాకినే తిట్టాను. గాజు మూతల మీద దుమ్ము పడితే ఎండ ఆగుతుందని, అమ్మ పాత నూలు చీర చింపి రోజూ తడిగుడ్డతో తుడిచాను. నా మొహం కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ తుడుచుకోలేదు.

ఇప్పుడు ఆ ట్రేల మీద షామియానా.

ఎందుకంటే మరునాడు పెద్దసారు వస్తున్నాడు. జాగా ఆ కంపెనీది, ఆయన ఆ కంపెనీకి పెద్ద. వెంట బయటి ల్యాబు మనిషిని తెస్తాడు. ఆ మనిషి మధ్యాహ్నం తన సీసాలో, తన చేత్తో, తొట్టి నీళ్ళు పట్టుకుపోతాడు. ఆ నీళ్ళలో మందు పోయిందని తేలితే ట్రేలు ఇంకో ఏడాది ఉంటాయి, నాలా పొడవునా ఇంకొన్ని వస్తాయి, మా అమ్మ పొలం దగ్గర కూడా. పోలేదని తేలితే అన్నీ ఎత్తేసి ఆ గచ్చు మీద లారీలు నిలుపుకుంటారు. అంతా ఆ ఒక్క పొద్దుటి ఎండ మీద ఉంది. మరి పెద్దమనిషి వస్తుంటే మనవాళ్ళు ముందు చేసే పని ఏమిటి? షామియానా వేయడం. ఎక్కడికొస్తే అక్కడ, దేన్ని చూడ్డానికొస్తే దాని మీద. చెరువులో చేపల్ని చూడ్డానికొస్తే చెరువు మీద కూడా వేస్తారు.

అంతలో సూపర్‌వైజర్ సారు బండి మీద వచ్చాడు. కంపెనీ తరఫున ఆ జాగా చూసుకునేది ఆయనే. హెల్మెట్ కూడా తీయకుండా అరిచాడు.

"ఏం నడుస్తుందీడ? గుంజులాటనా?"

"సార్, నీడ బరాబర్ ట్రేల మీదనే పడ్తుంది. రేపు పొద్దున ఎండ తాకకుంటె పొడి లేవదు. గా ల్యాబాయన సీసల ఉత్త నాలా నీళ్ళే పట్టుకపోతడు."

"నాకు తెల్వదా? రోజు సూస్తలేనా?"

అక్కడే నాకు మండింది. తెలియనివాడికైతే చెప్పొచ్చు. తెలిసే చేస్తున్నవాడికి ఏం చెబుతాం?

"తెలిసి గూడ ఏపిస్తున్నవా సార్?"

"మరి పెద్దసారు ఎండల నిలబడ్తడా? పోయినసారి గేటు కాడ జరంతసేపు కారు ఆపినందుకే సెక్యూరిటీ ఆయనను మార్చేసిండ్రు. రేపు ఆయన నెత్తికి ఎండ తాకితే నా నౌకరి పోతది."

"నీళ్ళకు ఎండ తాకకుంటె నాది పోతది సార్."

"నీది నౌకరే. నాది సంసారం," అన్నాడు ఆయన. హెల్మెట్ లోపల చెమట కారుతోంది. చెడ్డమనిషి కాదు. ఎండలో పనిచేసే రోజుల్లో నాకు మజ్జిగ ప్యాకెట్ తెచ్చిచ్చిన మనిషి. భయపడ్డ మంచిమనిషితో పేచీ పెట్టుకోవడం చెడ్డమనిషితో కంటే కష్టం.

"జెర పక్కకు ఏపియ్యరాదు?"

"పక్కకు ఏడ? అటు నాలా, ఇటు బురద. ఉన్న జాగ గీ గచ్చే."

"పొద్దుగాల ఎండ పడనిచ్చి, ఆయనొచ్చే ముంగట కడ్దం."

"ఆయన ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వది. కారు దిగేటాళ్ళకు షామియానా ఉండాలె, తెల్లగుడ్డ తొడిగిన కుర్చి ఉండాలె, బొకే ఉండాలె. నువ్ తాడు ఇడువ్. ఇడువకుంటె ఇయ్యాల్నే ఇంటికి పో, ఇగ రాకు."

నేను ఒక చేత్తో తాడు పట్టుకునే, ఇంకో చేత్తో మేడంకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను, అందరూ వినాలని.

"నేనూ చెప్పాను," అంది మేడం. గొంతు అలసిపోయి ఉంది. "చూద్దాం అన్నారు. వాళ్ళ జాగా కదా, ఇప్పుడు మనం గొడవపడితే రేపటిదాకా కూడా ఉండనివ్వరు. నువ్వు వదిలెయ్. నీడలో కూడా కొంత పనిచేస్తుందిలే."

"కొంత అంటె ఎంత మేడం?"

"ప్లీజ్, గొడవ పెట్టుకోకు," అని పెట్టేసింది.

మేడం మీద కోపం రాలేదు. ఆమె చదువంతా ఆ గచ్చు మీద ఉంది, వంగక ఏం చేస్తుంది? కానీ తాడు చేతిలో ఉన్నది నాకు. మణికట్టు చుట్లు విప్పి వదిలేశాను. అన్న ఎగిరి పట్టుకుని, మోకాలితో నొక్కి, క్షణంలో ముడి వేసేశాడు. పైన గుడ్డ బిర్రుగా సాగింది. కింద ట్రేల మీద పసుప్పచ్చ నీడ పరుచుకుంది. అప్పటిదాకా నీళ్ళు పలకల మీద తళతళమని పారుతున్నాయి, ఒక్కసారిగా ఎవరో మొహం మీద దుప్పటి కప్పినట్టయింది. చావుకు వేసిన షామియానా లాగే ఉంది నాకైతే.

"మంచిగొచ్చింది," అన్నాడు అన్న, తన పని చూసుకుని.

"మంచిగనే ఉంది. పాడె ఎప్పుడు తెస్తరు?" అని సైకిల్ తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో జొన్న రొట్టెలు కొడుతోంది. కుడికాలు ఎప్పటిలా పక్కకు చాపుకుని కూర్చుంది. ఆ కాలికి చిటికెన వేలు లేదు. నాలా పక్క పొలంలో గడ్డి కోస్తుంటే కొడవలి తగిలింది, గీరుకుపోయిందంతే. ఆ కాలితోనే తడి మడిలో దిగింది. రెండు రోజులకు వాచింది, తర్వాత జ్వరం. మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. మార్చి ఇచ్చారు, తగ్గలేదు. పట్నం పెద్ద దవాఖానకు పోయేసరికి వేలు నల్లబడింది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఈ పురుగు మామూలు మందులకు మాట వినడం లేదు" అంది. అప్పుడు నేను పటాన్‌చెరులో ఒక కంపెనీలో ప్యాకింగ్‌లో ఉన్నాను, ఇస్నాపూర్‌లో ఇంకొందరు అమ్మాయిలతో కిరాయి రూములో. రోజంతా మాత్రల స్ట్రిప్పులు డబ్బాల్లో పెట్టడం నా పని. దవాఖానలో అమ్మ తలదిండు పక్కన ఉన్నది అలాంటి స్ట్రిప్పే, అదే రంగు రేకు. దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాను. నేను ప్యాక్ చేసిన మందు ఊరంతా తిరిగి అమ్మ దాకా వచ్చింది. కానీ దానికంటే ముందే నాలా దారిన అదే మందు వచ్చేసింది, దాని మాట వినకూడదని పురుగులకు నేర్పేసింది.

అమ్మ పుండు నాలా వల్లే అలా అయిందని నా దగ్గర రుజువు లేదు. అమ్మ కాలికి వేలు కూడా లేదు. రుజువు లేదని నన్ను ఊరుకోమనేవాళ్ళకు నేను చెప్పే జవాబు అదే.

సంగతంతా చెప్పాను. అమ్మ రొట్టె తిప్పుతూ వింది.

"పెద్దోళ్ళకు నీడ వట్టుడు మనకు ఎప్పటికి ఉన్నదే బిడ్డా," అంది. "వట్టకుంటె వాళ్ళ నెత్తి కాలది, మన కడుపు కాల్తది. మీ నాన్న గూడ ఆడనే పనిజేస్తడు, యాది పెట్టుకో."

అదీ సంగతి. మా దగ్గర చాలా ఇళ్ళలో అంతే, ఒకరు కంపెనీ అన్నం తింటారు, ఒకరు కంపెనీ నీళ్ళు తొక్కుతారు, ఒకే చాప మీద పడుకుంటారు.

"నాన్నను ఏమనరమ్మా. నన్ను అంటరు."

"అంటె?"

"అననీ."

అమ్మ నా మణికట్టు మీద తాడు చారలు చూసింది. పెనం దింపి, కొబ్బరినూనె తెచ్చి రాసింది. రాస్తూ రాస్తూ అంది, "పొద్దుగాల పోతవా?"

"పోత."

"గొడుగు తీస్కపో. ఎండల నిలబడి నిలబడి ఇప్పటికే బొగ్గు లెక్క అయినవ్."

వద్దని అమ్మ చెప్పలేదు, గమనించారా? గొడుగు తీసుకుపొమ్మంది. మా అమ్మ దీవించడం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. నా కడుపులో మాట దాగదు, చివరిదాకా ఊరించడం నా వల్ల కాదు. ఆ సీసా నీళ్ళ ఫలితం కొన్నాళ్ళకు వచ్చింది. మందు చాలావరకు పోయిందని రాశారు. మొత్తం పోలేదు, మేడం కూడా మొత్తం పోతుందని ఎప్పుడూ అనలేదు. ఆ నీళ్ళు తాగొచ్చని కూడా ఎవరూ అనలేదు. కానీ ట్రేలు ఉన్నాయి. అమ్మ పొలానికి ఎగువన ట్రేల కొత్త వరస కూడా వచ్చింది. ఈ పొద్దున కూడా నేను మూతలు తుడిచే వచ్చాను. కాబట్టి ట్రేలు ఏమయ్యాయో అని మీరు కంగారు పడొద్దు. నేను చెప్పాలనుకున్నది అది కాదు, ఆ పొద్దున సంగతి.

తెల్లవారుతుండగానే పోయాను. గొడుగు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించాను. గచ్చు దగ్గర ఎవరూ లేరనుకున్నాను. కుర్చీలు తెల్లగుడ్డలు తొడుక్కుని పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. షామియానా మంచుకు తడిసి కొంచెం వేలాడుతోంది. తూర్పున కంపెనీ పొగగొట్టం వెనక ఆకాశం ఎర్రబడుతోంది. ఇంకాసేపట్లో పొద్దు పొడుస్తుంది.

మొదటి మూల ముడి దగ్గర కూర్చున్నాను. తడికి తాడు బిగుసుకుపోయింది. గోళ్ళతో గీకాను, పళ్ళతో లాగాను. అది ముడి కాదు, పగ. చివరికి సంచీలోంచి కొడవలి తీశాను. అవును, అమ్మ కొడవలే. వేలు తీసింది అదే కదా, దానికి కూడా కొంచెం పుణ్యం రానీ అనుకుని తెచ్చాను.

"ఏయ్! ఏయ్! కొయ్యకు!"

కుర్చీల వరస వెనక నేల మీద దుప్పటి లేచింది. దుప్పటిలో టెంట్ హౌస్ అన్న. సామాను ఎవరైనా ఎత్తుకుపోతారని రాత్రంతా అక్కడే పడుకున్నాడట.

"కొత్త తాడే అది! గా ముడి గట్ల ఇప్పరు. లాగితే బిగుసుకుంటది. నూకాలె." కళ్ళు నలుపుకుంటూ వచ్చి, నన్ను పక్కకు జరిపి, తాడును రెండు వేళ్ళతో వెనక్కి తోశాడు. ముడి పువ్వులా విచ్చుకుంది. "సూసినవా? దీనికి కొడవలి దెచ్చింది, తెలివిగల్లది."

"ఇప్పింది నువ్వే అన్నా."

అతను చేతిలో విడిపోయిన తాడు వైపు చూసుకున్నాడు. అప్పుడు గానీ తను చేసిన పని అతనికి అందలేదు. నేను నవ్వలేదు. ఒట్టు, ఆ ఒక్కసారి నవ్వలేదు.

"మల్ల కట్టాల్నా?" అన్నాను.

అన్న నాలా వైపు చూశాడు. ట్రేల వైపు చూశాడు. రెండో మూలకు నడిచి అక్కడ కూర్చున్నాడు. "ఒక్కదానివి ఇప్పితె గుడ్డ చింపుతవ్. గా గుంజను పట్టుకో. మీదికి పడ్తది, పైలం."

అలా మూల తర్వాత మూల. ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నా మాట విన్నాడా, తన గుడ్డ చిరుగుతుందని భయపడ్డాడా? అడగలేదు. కొన్ని అడిగితే పాడైపోతాయి. గుడ్డ దించి, ఇద్దరం చెరో అంచు పట్టుకుని మడిచాం. మడిచేటప్పుడు అన్న అన్నాడు, "సార్ అడిగితె గాలొచ్చిందని చెప్త. రాత్రి మస్తు గాలొచ్చి ఊడిపోయిందని."

"ఆకు గూడ కదల్తలేదు, గాలేడిదన్నా?"

"నువ్ ఊకో. నీ కోసమే చెప్తున్న."

"ఒద్దు. నేను ఇప్పిన్నని చెప్పు. గాలి పేరు చెప్తె రేపు మల్ల కట్టుమంటరు, ఇంక గట్టిగ. మనిషి ఇప్పిందని తెలిస్తే జరంత ఆలోచిస్తరు."

"నీ మొండితనం పాడుగాను," అన్నాడు అన్న. మడిచిన షామియానాను ట్రాలీలో వేసి, దాని మీదే కూర్చుని బీడీ ముట్టించాడు.

నేను మూతలు తుడిచాను. మోటారు వేశాను. వాల్వ్ తిప్పాను. నీళ్ళు పైకెక్కి మొదటి పలక మీద పల్చగా పరుచుకునేసరికి, పొగగొట్టం పక్క నుంచి ఎండ వచ్చి సరిగ్గా దాని మీద పడింది. నిమ్మపండు రంగు కళ్ళు తెరిచింది. ఇక నీ ఇష్టం తల్లీ, నా పని అయిపోయింది, అని దానితో పైకే అన్నాను.

సూపర్‌వైజర్ సారు వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. ఈసారి హెల్మెట్ తీశాడు. ఖాళీ ఆకాశం కేసి చూశాడు, నా కేసి చూశాడు.

"ఎవలు ఇప్పిండ్రు?"

"నేను సార్."

అన్న నోట్లోంచి బీడీ తీసి, "నేను గూడ సార్," అన్నాడు. అది నేను అడగలేదు.

సారు ఏదో అనబోయాడు. మళ్ళీ కట్టమని చెప్పడానికే నోరు తెరిచి ఉంటాడు. కానీ అప్పటికే రోడ్డు మలుపులో తెల్లకారు కనబడింది. దాని వెనక ఇంకో కారు, అందులో మేడం, ల్యాబు మనిషి. సారు బొకే కోసం పరుగెత్తాడు. మేడం దిగి షామియానా లేకపోవడం చూసి ఒక్క క్షణం ఆగింది, తర్వాత నా కేసి చూడకుండా నేరుగా ట్రేల దగ్గరికి పోయి వంగి నీళ్ళు చూసింది. ఆమె భుజాలు మాత్రం కొంచెం దిగాయి, ఎవరో బరువు తీసినట్టు.

పెద్దసారు కారు దిగాడు. తెల్లచొక్కా. ఎండకు కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"నీడ లేదా ఇక్కడ?"

సూపర్‌వైజర్ సారు బొకే పట్టుకుని బిగుసుకుపోయాడు. నేను సైకిల్ దగ్గరికి పోయి అమ్మ గొడుగు తెచ్చాను. నల్లది, ఒక పుల్ల ఎప్పుడో విరిగిపోయింది, విప్పితే ఒక వైపు కాకి రెక్కలా వాలుతుంది. టప్‌మని విప్పి ఆయన చేతికిచ్చాను.

"నీడ మీకే సార్," అన్నాను. "నీళ్ళకు ఒద్దు."

విరిగిన పుల్ల ఆయన మొహం వైపే వచ్చింది. తిప్పి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు.